గాలిలో హాజరీ



పోయిన నెల మిల్లు భోంగా గురించి రాసిన. అది చదివి నలుగురైదుగురు ఇంటికొచ్చి చాయ్ తాగి మరీ మాట్లాడిపోయిండ్రు. ఈ నెల కూడా పిలుపు సంగతే, కాని వేరే పిలుపు.

మా బిడ్డ కొడుకుకు 14 ఏండ్లు. ఒక ఆదివారం పొద్దున వచ్చి, "తాతా, హ్యామ్ రేడియో పరీక్ష రాస్త, ఫీజుకు పైసలియ్యి" అన్నడు. వాళ్లమ్మ వంటింట్ల నుంచే, "దాంతోని జీతమొస్తదా? వచ్చే ఏడు పదో తరగతి. ఇప్పుడు రేడియో ఎందుకు?" అన్నది. నేను ఇస్తననలేదు, ఇయ్యననలేదు. "ముందు ఆ సంగతేందో చూసొస్త" అన్న.

పోరనికి ఈ పిచ్చి అంటించింది మా బావ. బావ మా మిల్లులోనే ఎలక్ట్రిక్ ఖాతాల పనిచేసిండు. ఇంటి మీద పొడుగు తీగ కట్టి ఉంటది. బట్టలు ఆరేసే తీగ అనుకొని కొత్తగా వచ్చిన కోడలు ఒకసారి దాని మీద చీర వేసింది. ఆ తీగతోనే బావ దేశాల అవతలి మనుషులతోని మాట్లాడుతడు. ఫోన్ కంపెనీ లేదు, టవరు లేదు, నెలకు రీచార్జి లేదు. ఒక సెట్టు, ఒక తీగ, సర్కారు ఇచ్చిన లైసెన్సు, అంతే.

ఆ రోజు పొద్దున ఏడింటికి పోయిన. బావ సెట్టు ముంగట కూసొని ఉన్నడు. చేతిల పెన్సిలు, ముంగట రిజిస్టరు. సెట్టుల నుంచి ఒక గొంతు ఒక్కొక్కరిని పిలుస్తున్నది. పిలిచినోళ్లు పలుకుతున్నరు. ఒకరు తమిళనాడు నుంచి, ఒకరు కర్ణాటక నుంచి, ఒకరు గుజరాత్ నుంచి. పేరుకు బదులు నంబరులాంటి గుర్తు చెప్తరు. మన దేశపోళ్ల గుర్తు ఎక్కువగా 'వీయూ' అక్షరాలతో మొదలైతది. చిన్న గ్రేడు వాళ్లకు వీయూ 3, పెద్ద గ్రేడు వాళ్లకు వీయూ 2. ప్రధానమంత్రిగా పనిచేసిన రాజీవ్ గాంధీకి కూడా లైసెన్సు ఉండేది, ఆయన గుర్తు వీయూ 2 ఆర్‌జీ. గాలిలో అందరిదీ ఒకటే వరుస, ప్రధానమంత్రికి వేరే కుర్చీ లేదు.

బావ వంతు వచ్చింది. తన గుర్తు చెప్పిండు, ఊరు చెప్పిండు, ఎండ ఎట్లుందో చెప్పిండు, గొంతు ఎంత బాగ వినబడుతున్నదో చెప్పిండు. అయిపోయింది. అర నిమిషం కూడా కాలేదు.

"ఇంతేనా బావా?" అన్న.

"ఇంతే. హాజరీ" అన్నడు.

మీకందరికి తెలుసు, మిల్లు గేటు కాడ హాజరీ అంటే ఏందో. హాజరీ పడకపోతే ఆ రోజు కూలి లేదు. ఇక్కడ కూలే లేదు, మరి హాజరీ ఎందుకు? నా మనసుల మాట కనిపెట్టినట్టు బావ, "కూసో, చెప్త" అన్నడు.

హ్యాములకు దేశమంతటికీ ఒక సంఘం ఉన్నది. అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అంటరు. 1948ల మధ్యప్రదేశ్‌ల మవూ అనే పట్నంల, మిలిటరీ సిగ్నల్స్ బడి కాడ క్లబ్బుగా మొదలైంది. తర్వాత ఢిల్లీకి మారి 1954ల ఇప్పటి పేరు పెట్టుకున్నది. అన్ని దేశాల ఇట్లాంటి సంఘాలన్నిటికీ కలిపి ఇంకో పెద్ద సంఘం ఉన్నది. దాన్ని 1925 ఏప్రిల్ 18న పారిస్‌ల పెట్టిండ్రు. అందుకే ఏప్రిల్ 18 హ్యాములకు పండుగ దినం. మన దేశం తరఫున ఆ పెద్ద సంఘంల కూసునేది ఈ సొసైటీనే.

"పెద్ద పేర్లు చెప్పినవు, మరి రోజూ చేసే పనేంది?" అన్న. బావ లేచి అటక మీది నుంచి చెప్పుల డబ్బాలు దించిండు. నాలుగు డబ్బాల నిండ కార్డులు.

ఎవరితోనన్న మొదటిసారి మాట్లాడితే, అవును నీతో మాట్లాడిన అని ఒక కార్డు పంపుకోవడం వీళ్ల మర్యాద. క్యూఎస్ఎల్ కార్డు అంటరు. తారీఖు, టైము, ఏ బ్యాండు మీద మాట్లాడిండ్రు, గొంతు ఎట్ల వినబడ్డది, అన్నీ రాసి ఉంటయి. ఒక్కొక్క కార్డుకు విదేశీ స్టాంపు అంటిస్తే మనలాంటోళ్ల జేబు చిరుగుతది. అందుకని చాలా దేశాలల్ల సంఘమే టపాఖానా లెక్క పనిచేస్తది. మెంబర్లు కార్డులన్నీ సంఘానికి పంపుతరు. సంఘపోళ్లు దేశం వారీగా విడదీసి మూటలు కట్టి ఆ దేశపు సంఘానికి పంపుతరు. అటు నుంచి వచ్చిన మూటలు విప్పి, గుర్తు చూసి, ఎవరిది వాళ్లకు చేరేస్తరు. ఒక కార్డు చేరడానికి ఏడాది, రెండేండ్లు కూడా పడుతది. ఈ విడదీసే పనికి జీతం లేదు. సాయంత్రం ఇంట్ల కూసొని, మన ఆడోళ్లు బీడీలు కట్టలు కట్టినంత ఓపికతోని చేసే పని ఇది.

ఇంకో పని కొత్తోళ్లను చూసుకునుడు. 12 ఏండ్లు నిండితే పరీక్ష రాయొచ్చు, డిగ్రీ అవసరం లేదు. కరెంటు, రేడియో మూల సంగతులు ఒక భాగం, కాయిదాలు ఒక భాగం. పెద్ద గ్రేడు కావాలంటే చాలా ఏండ్లు మోర్స్ కూడా రావాలనేటోళ్లు. టిక్కు, టాక్కు చప్పుళ్లతోని నిమిషానికి 8 మాటలు పంపాలె, వినాలె. పాస్ అయినంక కాయితం కదలాలె. ఢిల్లీ ఆఫీసుల యాడ ఆగిందో అడగాలె, ఉత్తరం రాయాలె, మళ్లా రాయాలె. అవన్నీ సంఘపోళ్లు మీద వేసుకుంటరు.

కాయిదాలు కూడా గట్టియే. ఈ సెట్టు మీద వ్యాపారం మాట్లాడొద్దు, పాటలు పెట్టొద్దు, గుట్టు భాష వాడొద్దు. ఎవరితో ఎప్పుడు మాట్లాడిన్రో రిజిస్టరుల రాయాలె. లైసెన్సు లేకుండ సెట్టు పెట్టుకుంటే నేరం. ఎవరన్న తప్పు చేస్తే ముందు సంఘపోళ్లే మందలిస్తరు. ఒక్కడు చెడగొడితే పేరు అందరిదీ పోతదని వాళ్ల భయం.

అన్నిటికన్న పెద్ద పని ఒకటున్నది, అది నాకు మన ఊరి బీడు లెక్క సమజైంది. గాలిలో ఏ జాగ ఎవరిదో దేశాలన్నీ కూడి జెనీవా సంస్థ కింద పంచుకుంటయి. పోలీసులకు కొంత, విమానాలకు కొంత, ఓడలకు కొంత, ఫోన్ కంపెనీలకు కొంత. అందుల హ్యాములకు చిన్న చిన్న ముక్కలు. ఊరుమ్మడి బీడుల పశువులు తిరగకపోతే ఏమైతది? పక్క పొలమోడు ఏడాదికి జానెడు గట్టు జరుపుతడు. గాలిల కూడా అంతే. అందుకని సంఘపోళ్లు చెవులు పెట్టి వింటరు. తమ జాగల పరాయి మోత వినబడితే తారీఖు, టైముతో సహా రాసి పంపుతరు. కొన్నేండ్లకొకసారి జరిగే దేశాల సభల తమ మాట వినబడేటట్టు చూస్తరు. 2003ల జెనీవాల జరిగిన సభల ఇట్ల కొట్లాడే, మన దిక్కు హ్యాములు 40 మీటర్ల బ్యాండుల అదనపు జాగ సంపాదించిండ్రు.

ఇదంత విని నేను, "మంచిదే బావా, కాని తిండి పెట్టని పని కదా" అన్న. మా బిడ్డ మాటే నా నోట్లె నుంచి వచ్చింది.

బావ కొంచెం సేపు ఊకున్నడు. తర్వాత, "కిల్లారి యాదికున్నదా?" అన్నడు.

ఎట్ల మర్సిపోత? 1993 సెప్టెంబరు 30. ముందటి రోజు గణపతి నిమజ్జనం. రాత్రి పొద్దుపోయేదాక ఊరేగింపుల ఉండి వచ్చి పండుకున్నం. తెల్లారగట్ల నాలుగు కావస్తున్నది. మంచం ఊగింది. అరల మీది గిన్నెలు కింద పడ్డయి. చాళ్‌ల ఉన్నోళ్లందరం పిల్లలను చంకల పెట్టుకొని బయటికి ఉరికినం. షోలాపూరుల మనం బతికినం. కాని లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాలల్ల రాళ్లతోని, మట్టితోని కట్టిన ఇండ్లు నిద్రల ఉన్నోళ్ల మీదనే కూలినయి. పది వేల మంది దాక పోయిండ్రు.

మా అక్కను ఉమర్గా తాలూకాల ఒక పల్లెకు ఇచ్చినం. అక్క, బావ, ముగ్గురు పిల్లలు. ఆ పొద్దున ఎస్టీడీ బూతు కాడ మనుషులు ఇసుక పోసినట్టున్నరు. లైను కలుస్తలేదు. మా అమ్మ అన్నం ముట్టలేదు. నేను పాళీకి పోయిన కాని పోగు తెగితే కంటికి కనబడలేదు. జాబరు చూసి, ఏమీ అనకుండ, నా సాంచాల కాడ తనే నిలబడ్డడు. మూడో రోజు సాయంత్రం ఒక ట్రక్కు డ్రైవరు చీటీ తెచ్చిండు. అక్క బతికి ఉన్నది, పిల్లలు బతికి ఉన్నరు. ఇల్లు లేదు. ఆ చీటీ మా అమ్మ పోయేదాక దేవుని పటం వెనుకనే ఉన్నది.

"ఆ రోజులల్ల హ్యాములు అక్కడ పనిచేసిండ్రు" అన్నడు బావ. "వార్తలు అటు ఇటు చేరేసిండ్రు. నాకు అప్పుడు లైసెన్సు లేదు. మీ అక్క ఖబరు కోసం మీరు మూడు రోజులు ఏడ్సిన సంగతి చూసినంకనే నేను పుస్తకం పట్టిన."

ఇన్నేండ్లు పక్కపక్కన పనిచేసినం. ఈ మాట ఆయన నాకు ఎన్నడూ చెప్పలేదు.

తర్వాత అండమాన్ సంగతి చెప్పిండు. 2004 డిసెంబరుల హైదరాబాదుల ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున, భారతి ప్రసాద్ అనే ఆమె వెంట కొందరు హ్యాములు పోర్ట్ బ్లెయిర్ పోయిండ్రు. వాళ్లు పోయింది ఆపద కోసం కాదు. అండమాన్ నుంచి హ్యాములు మాట్లాడుడు చాలా అరుదు, ఆ గొంతు కోసం లోకంల ఎందరో కాసుకొని కూసుంటరు. ఆ సరదా కోసం పోయిండ్రు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయినయి. ఆ సరదా సెట్టులే క్షేమ సమాచారాలు మోసినయి. ఎవరి బిడ్డ బతికి ఉన్నదో, ఎవరి కొడుకు ఏ క్యాంపుల ఉన్నడో, ఆ గొంతులు చెప్పినయి.

మరుసటి ఏడు, 2005 మే 5న, మన శ్రీహరికోట నుంచి ఇస్రో హ్యాముల కోసమే ఒక చిన్న ఉపగ్రహం పంపింది. పేరు హ్యామ్‌శాట్. బరువు 42 కిలోల చిల్లర, ఇంట్ల బియ్యం బస్తా కన్న తక్కువే. ఇక్కడ నుంచి పోయిన మాటను పట్టుకొని దూరం దేశాలకు అందించేది. 2014 దాక పనిచేసింది.

"ఇప్పుడు చెప్పు" అన్నడు బావ. "సునామీ వచ్చిన పొద్దున సెట్టు కొని నేర్సుకుందామంటే అయితదా? ఎవరి గొంతు ఏ బ్యాండు మీద ఏ యాళ్లకు దొరుకుతదో, ఎట్ల పొట్టిగ మాట్లాడాలో, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఎట్ల ఆగాలో, అది రోజూ హాజరీ ఇచ్చినోనికే వస్తది. సాంచాకు నూనె రోజూ వేస్తం. బట్ట పాడైన రోజు వేస్తే ఏం లాభం?"

ఇంటికి నడిచి వస్తుంటే నాకు మన సంఘం యాదికొచ్చింది. మన మిల్లు కార్మికుల సాయం నిధి. ఎవరన్న పోతే దహనానికి పైసలు, ఆడపిల్ల పెండ్లికి చేబదులు. నిధి పెట్టినప్పుడు నెలకొకసారి కూడేటోళ్లం, రిజిస్టరు రాసేటోళ్లం, వంతులవారీగా ఇంటింటికి తిరిగి చందా వసూలు చేసేటోళ్లం. ఇప్పుడు మీటింగుకు ఆరుగురు వస్తరు, అందుల ఇద్దరు చాయ్ కోసం. రెండేండ్ల నుంచి రిజిస్టరు రాసేటోడు లేడు. కాని కరోనా రోజులల్ల అందరూ నిధి కాడికే ఉరికిండ్రు. పెట్టెల ఉన్నది కొంచెమే. ఎవరికి ఎంత బాకీ ఉన్నదో చెప్పే లెక్క లేదు. ఇద్దరు విధవరాండ్లకు ఇయ్యవలసింది ఇయ్యలేకపోయినం. అండ్ల నా తప్పు కూడా ఉన్నది. నా వంతు వచ్చిన నెలల మోకాళ్ల నొప్పి అని తప్పించుకున్న.

సంఘం అంటే బోర్డు కాదు, జెండా కాదు, ఏడాదికొకసారి పూలదండ కాదు. ఏమీ జరగని రోజు కూడా ఒకరు పిలవాలె, ఒకరు పలకాలె, ఒకరు రాయాలె. అదే సంఘం.

మనుమనికి ఫీజు పైసలిచ్చిన. వాళ్లమ్మతోని ఒక మాట అన్న: "బిడ్డా, మీ పెద్దత్త బతికున్నదని తెలిసేదాక మూడు రోజులు మీ నాయనమ్మ అన్నం ముట్టలేదు. వీడు నేర్సుకుంటే ఎవరింట్లనో ఒకరు ముందుగాల అన్నం తింటరు." ఆమె ఏమీ అనలేదు. మరునాడు వాని పుస్తకాల పక్కన బావ ఇచ్చిన రేడియో పుస్తకానికి అట్ట వేసి పెట్టింది.

నిధి రిజిస్టరు ఇప్పుడు మా ఇంట్లనే ఉన్నది. నా రాత గుండ్రంగ ఉండదు, నాలుగో తరగతి రాత. అయినా రాస్తున్న. ప్రతి నెల మొదటి ఆదివారం పొద్దున పదింటికి మా ఇంటి ముంగట పేర్లు పిలుస్త. వచ్చినోళ్లు "ఉన్న" అంటే చాలు.

వచ్చే నెల దాక సెలవు.