నాలుగు రీళ్ళ ఖరీదు

ఒక పాఠక సోదరుడు ఉత్తరం రాశాడు. నాన్నగారి కిరాణా కొట్టు ఇప్పుడు ఇతని చేతికొచ్చిందట. నాన్నగారు నూనెలో ఏనాడూ కల్తీ చెయ్యలేదు, కాటాలో మోసం చెయ్యలేదు. ఎదురుకొట్టాయన రెండూ చేసి మేడ కట్టాడు. నేను నాన్న దారిన పోవాలా, ఎదురింటి దారిన పోవాలా అని ప్రశ్న.

సినిమా పత్రికకి ఇదేం ప్రశ్న అని నవ్వకండి. మన సినిమా కంపెనీల్లో చాలా భాగం అన్నదమ్ములూ, ఆలుమగలూ, తండ్రీకొడుకులూ కలిసి నడిపిన కొట్లే కదా! అందుకే జవాబు కూడా అక్కణ్ణించే తెస్తాను.

విజయా వారి పేరు వినని ప్రేక్షకుడు మనలో ఉండడు. కడప జిల్లా పొట్టిపాడు నాగిరెడ్డిగారు, తెనాలి చక్రపాణిగారు. చుట్టరికం లేదు గాని సొంత అన్నదమ్ములకన్నా ఎక్కువగా కలిసి వ్యాపారం చేశారు. 1947లో 'చందమామ', 1950లో 'షావుకారు', 1951లో 'పాతాళభైరవి'. అంతటి రామారావుగారు కూడా మొదట్లో అక్కడ నెలజీతం మీద పనిచేసినవారే. వేళకి రావాలి, వేళకి జీతం అందాలి. అదీ ఆ ఇంటి పద్ధతి.

ఆ పద్ధతికి పరీక్ష 'మిస్సమ్మ' దగ్గర వచ్చింది. మొదట హీరోయిన్ భానుమతిగారు. నాలుగు రీళ్ళ దాకా తీశారు కూడా. ఒకరోజు ఆవిడ సెట్టుకి ఆలస్యంగా వచ్చారు. చక్రపాణిగారు క్షమాపణ చెప్పమన్నారు, ఆవిడ చెప్పనన్నారు. అంతే! తీసిన రీళ్ళు పక్కన పడేసి, రెండో పాత్రకి అనుకున్న సావిత్రిని మిస్సమ్మని చేశారు. సావిత్రి వేయాల్సిన పాత్ర జమునకి వెళ్ళింది. 1955లో సినిమా వచ్చింది. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే.

'శభాష్ చక్రపాణీ' అని చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగండి. ఆవేళ వరలక్ష్మీ వ్రతమనీ, మధ్యాహ్నం వస్తానని ముందే కబురంపాననీ, అది చేరాల్సినవాళ్ళకి చేరలేదనీ భానుమతిగారి వైపు మాట. అదే నిజమైతే తప్పు ఆవిడది కాదు, మధ్యలో కబురు మింగేసినవాడిది. ఆవిడ కూడా సొంత సంస్థ భరణి నడిపిన మనిషే. చెయ్యని తప్పుకి తల వంచకపోవడం ఆవిడ నీతి.

నాకు ఈ కథలో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, నీతి ఊరికే రాదు. లైట్ బాయ్‌కి ఒక రూలు, స్టార్‌కి ఒక రూలు ఉండకూడదనుకుంటే నాలుగు రీళ్ళు వదులుకోవాలి. వదులుకోలేనివాడు గోడ మీద ఎన్ని సూక్తులు రాయించుకున్నా దండగే. రెండు, యజమాని కుర్చీలో కూచున్నవాడు కోపం తెచ్చుకునే ముందు గుమాస్తాని పిలిచి అసలేం జరిగిందో అడగాలి. విచారణ లేని క్రమశిక్షణ పెత్తనమే అవుతుంది.

కాబట్టి తమ్ముడూ, ఎదురుకొట్టాయన మేడ చూసి కంగారుపడకు. నీ రీళ్ళేమిటో ముందు లెక్క వేసుకో. మంచి నూనె అమ్మితే డబ్బాకి ఎంత తగ్గుతుందో కాగితం మీద రాయి. ఆ తగ్గేది ఇంటి ఖర్చులోంచి పోవాలి గాని, కొట్లో పనిచేసే కుర్రాడి జీతంలోంచి కాదు. మీ బావమరిది గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినా, ఆ కుర్రాడు పెట్టినా ఒకటే మాట అను. కల్తీ లేదన్న సంగతి మనసులో దాచుకోక, డబ్బా మూత తీసి గిరాకీకి చూపించు. మేడ లేటవుతుంది, కాదనను.

మద్రాసు వడపళనిలో నాగిరెడ్డిగారి స్టూడియో ఫ్లోర్లు ఇప్పుడు లేవు. ఆ చోట మాల్ లేచింది. కానీ 1972లో ఆయన పెట్టిన విజయా ఆస్పత్రికి రోగులు నేటికీ వస్తూనే ఉన్నారు. వ్యాపారం రూపం మారిపోవచ్చు. పేరు నిలబెట్టుకుంటే, ఆ పేరు చూసే జనం తలుపు తడతారు.