మనిషిని కొలిచే ముందు అతని కొలబద్ద అడగాలి

బడిలో ఒక పిల్లవాడిని సోమరి అన్నారంటే అది పిల్లవాడి సంగతే అనుకుంటాం. 1930లలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఫోర్ట్ హేస్ కాలేజీ అధ్యాపకుడు జార్జ్ కెల్లీకి ఆ నమ్మకం సడలింది. ఆర్థిక మాంద్యం, దుమ్ము తుపాన్లు కలిసి అక్కడి రైతును కుంగదీసిన రోజులవి. కెల్లీ తన విద్యార్థులను వెంటబెట్టుకుని ఊరూరా బళ్లకు వెళ్లి, ఇబ్బందుల్లో ఉన్న పిల్లలను చూసేవారు. టీచర్ల ఫిర్యాదులు వినగా వినగా, పిల్లవాడితో పాటు ఫిర్యాదు చేసేవారి చూపు కూడా ఆ మాటల్లో బయటపడుతుందని ఆయనకు తట్టింది. ఆ ఆలోచనే ముదిరి 1955లో వ్యక్తిగత నిర్మితుల మనస్తత్వశాస్త్రంగా, రెండు సంపుటాల గ్రంథంగా వచ్చింది. మనిషిని అంచనా వేసే ముందు అతను లోకాన్ని ఏ కొలతలతో చూస్తున్నాడో తెలుసుకోవాలన్నది అందులోని కీలకం. పిల్లల మనసుల గురించి ఇంత మాట్లాడుకునే మనం ఈ ఒక్క పని ఎందుకు వదిలేస్తున్నామన్నదే నా ప్రశ్న.

తెలుసుకునే పద్ధతి చూడబోతే చాలా మామూలుది. అమ్మ, నచ్చిన టీచరు, గిట్టని సహోద్యోగి, ఇలా తన జీవితంలోని మనుషుల పేర్లు కార్డుల మీద రాయమంటారు. మూడేసి కార్డులు ముందుంచి, వీరిలో ఏ ఇద్దరు ఏ విషయంలో ఒకలా ఉన్నారు, మూడోవారు ఎలా వేరు అని అడుగుతారు. ఒకరు ‘ఈ ఇద్దరూ నెమ్మదస్తులు, ఆయన కోపిష్టి’ అంటారు. ఇంకొకరు ‘ఈ ఇద్దరూ నెమ్మదస్తులు, ఆయన బతకనేర్చినవాడు’ అంటారు. ఈ రెండో మనిషికి కోపం తగ్గించుకొమ్మని ఎంత హితబోధ చేసినా తలకెక్కదు. చేతగానివాడిగా మిగిలిపొమ్మని చెప్పినట్టే వినిపిస్తుంది. అచ్చువేసిన ప్రశ్నపత్రం ఇస్తే ఇద్దరూ ఒకే గడిలో టిక్కు పెట్టి పోయేవారు. ఇలా దొరికిన ప్రతి కొలతకూ అందరి పేర్లనూ బేరీజు వేయిస్తే ఒక పట్టిక తయారవుతుంది. దాన్ని లెక్కలు కట్టి పరిశీలించవచ్చు కూడా. కెల్లీ మొదట చదివింది భౌతికశాస్త్రం, గణితం మరి.

ఈ పద్ధతి బలం బ్రిటన్‌లో మనస్తత్వవేత్త ఫే ఫ్రాన్సెల్లా నత్తి మీద చేసిన పనిలో బాగా కనిపిస్తుంది. ఆమె పుస్తకం 1972లో వచ్చింది. నత్తి ఉన్న మనిషికి ఎదుటివారు ఎలా చూస్తారో, తాను ఎలా తప్పుకోవాలో అన్నీ తెలుసు. ధారాళంగా మాట్లాడే తాను ఎలా ఉంటాడో మాత్రం తెలియదు. అందుకే తడబడకుండా మాట్లాడిన సందర్భాలనే ఏరి, అప్పుడేం జరిగిందని ఆమె తరచి అడిగేవారు. ఆ కొత్త మనిషి రూపం స్పష్టపడేకొద్దీ నత్తి తగ్గుతూ వచ్చింది.

ఎవరి లోకం వారిదైతే ఇక నిజానిజాలెక్కడ అని కొందరు అడుగుతారు. ఆ భయం అక్కర్లేదు. కెల్లీ తన దగ్గరికి వచ్చినవారికి మొదట ఫ్రాయిడ్ ధోరణిలో వివరణలు చెప్పేవారు, అవి పనిచేశాయి. తర్వాత కావాలనే తాను అల్లిన వివరణలు చెప్పి చూశారు, అవీ పనిచేశాయి. అయితే రెండు షరతులు: ఆ మనిషికి ముఖ్యమైన వాస్తవాలను అవి వివరించాలి, రేపటికి కొత్త దారి చూపాలి. లోకం నిజంగానే ఉందని, మన ఊహలకు పరీక్ష పెట్టేది అదేనని ఆయన గట్టిగా నమ్మారు.

ఇందులో బుద్ధికే తప్ప ఉద్వేగాలకు చోటేదన్నది మరింత బరువైన ఆక్షేపణ. కెల్లీ గ్రంథాన్ని ఎంతో మెచ్చుకున్న మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ కూడా 1956లో ఆ లోపం ఎత్తిచూపారు. కొంతవరకు ఒప్పుకోవాల్సిందే. ప్రేమ గురించి కెల్లీ దగ్గర దొరికేది తక్కువ. కానీ శత్రుభావానికి ఆయన చెప్పిన అర్థం చూడండి: మనుషుల గురించి తన అంచనా తప్పిందని తెలిసీ, దానికి రుజువులు బలవంతంగా రాబట్టాలని చూడటం. ఇంజనీరు కాలేడని తేలిపోయిన కొడుకును మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టే తండ్రిలో కోపమే ఉందనుకుంటే సగమే అర్థమైనట్టు. ఆ తండ్రి కొలతలో ఇంజనీరుకు అవతలి కొసన ఏముందో ఎవరూ అడగలేదు. జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్లను పెడితే, ఆ మూడు కార్డులు పిల్లవాడి కంటే ముందు తండ్రి ముందు పెట్టడం మంచిది.