పదకొండో రోజు

రుషికొండ,
ఏప్రిల్ చివరి వారం

మన సంఘంలోని పిల్లలందరికీ,



ఈస్టరు వెళ్లింది, పరీక్షలు అయిపోయాయి. వీబీఎస్‌కి (వెకేషన్ బైబిల్ స్కూలుకి) వలంటీర్లు కావాలని అయ్యగారు ప్రకటన చదివిన వారానికే కాగితం నిండా పేర్లు పడ్డాయి. ఆ కాగితం చూస్తే నాకు సంతోషంతోపాటు కాస్త భయం కూడా వేసింది. ఆ భయం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. వాట్సాప్ గ్రూపులో పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు. అందుకే కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటిస్తున్నాను. నిలబడి చదవండి.

పదిరోజుల వీబీఎస్ నడపడం మీకు కొట్టినపిండి. యాక్షన్ సాంగులు, కంఠత వాక్యాలు, రంగు కాగితాలు, మధ్యలో బిస్కెట్లు, రస్నా, ఆఖరి రోజు ఊరేగింపు, బహుమతులు, గ్రూపు ఫొటో. బాగానే చేస్తారు, వంక పెట్టను. పదకొండో రోజు పొద్దున ఏమవుతుందో మాత్రం మీలో ఎవరూ చూసి ఉండరు, ఆ రోజు మీరు పదింటిదాకా లేవరు కనక. పల్లె నుంచి అయిదారుగురు పిల్లలు తల దువ్వుకుని, మొహానికి పౌడరు రాసుకుని గేటు దగ్గరికి వస్తారు. ఏటా వస్తారు. కిందటేడు ఒక చిన్నది నన్నే నిలదీసింది: "ఏటి మామ్మా, ఈయాల బడి లేదేటి?" ముగింపు సభ పెద్దవాళ్లకి ముగింపు. ఆ పిల్లకి అది బహుమతి ఇచ్చిన రోజు, అంతే.

అసలు ఈ వేసవి బడి మొదలైన తీరు చూడండి. 1898లో న్యూయార్క్‌లో హాస్ అనే డాక్టరుగారి భార్య, బాప్టిస్టు సంఘంలో పిల్లల పని చూసే ఆవిడ, సెలవుల్లో వీధుల్లో తిరిగే పిల్లల కోసం దీన్ని పెట్టింది. చోటు దొరక్క బీరు అమ్మే హాలొకటి అద్దెకు తీసుకుందట. (మన కమిటీ అయితే ఆ తీర్మానం మీదే మూడు మీటింగులు పెట్టేది.) పదిరోజులు చేసి దులుపుకుపోవాలన్నది ఆవిడ ఉద్దేశం కాదు. పిల్లలకి వీధి తప్ప మరో చోటు లేని కాలంలో తలుపు తెరిచి ఉంచాలన్నది ఆవిడ ఆలోచన.

మన ఊళ్లో ఆ కాలం ఎంతో కొలిచి చెప్పవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనక మరబోట్లు, ఇంజను పెట్టిన పడవలు సముద్రం మీదికి వెళ్లకూడదు. బడులకి సెలవులు కూడా ఇంచుమించు అప్పుడే, ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. అంటే జోడుగుళ్లపాలెం, మంగమారిపేట లాంటి జాలరి పల్లెల్లో తండ్రికి వేట లేని రోజులూ పిల్లలకి బడి లేని రోజులూ దాదాపు ఒకటే. మగవాళ్లు వలలు అల్లుకుంటూ ఒడ్డున ఉంటారు. ప్రభుత్వం ఇచ్చే భృతి పడవ మీద వేటకి వెళ్లే మనిషి పేరున వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని ఎండాడ, సాగర్ నగర్ వీధుల్లో చేపలమ్మే ఆడమనిషి ఆ లెక్కలో ఉండదు. ఈ రెండు నెలలూ ఆవిడ ఇంకో పని వెతుక్కుంటుంది. ఆ పనికి వెళ్తే చిన్నపిల్లలు ఎవరి దగ్గరుంటారు? మన హాలు అప్పుడు తాళం వేసి ఉంటుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. పదిరోజులు చేయండి, పాడండి, ఫొటోలు దిగండి. పదకొండో రోజు నుంచి బడులు తెరిచేదాకా, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర వరకు హాలు తెరిచి ఉంచుదాం. అక్షరాలు రానివాళ్లకి అక్షరాలు, ఎక్కాలు రానివాళ్లకి ఎక్కాలు. పెద్దపిల్లలకి ఇంగ్లీషు పాఠం గట్టిగా చదివించడం. అంతకు మించి ఏమీ వద్దు.

ఇది నా సొంత తెలివి కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్‌లో నడిపిన పద్ధతి. ఆయన సంఘం దాదాపు అంతా మాల మాదిగ పల్లెల్లోని కూలీలు. పగలు పొలం పనికి పోయే పిల్లలకి రాత్రి బడులు పెట్టారు. పల్లెకి ఒక ఉపాధ్యాయుణ్ణి పంపితే భార్యకి కూడా తర్ఫీదు ఇచ్చి పంపేవారు. ఏటా సాక్ష్యపు వారమని పెట్టి, బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లూ పని పంచుకోవాలన్నారు. చదువు రాని కూలివాళ్లు ఆ వారం పని మానుకుని, అంటే ఆ కూలి డబ్బులు వదులుకుని బయలుదేరేవారు. ఇంట్లో ఆడవాళ్లు వండే ముందు పిడికెడు బియ్యం తీసి గుడికి దాచేవారు. సెలవుల్లో తీరికగా ఉన్నవాళ్లు కట్టిన సంఘం కాదిది.

ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మిగతావాళ్లు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాక కూడా ఆ దోర్నకల్ వారసత్వం మనదే. అయితే ఆ కలయిక ఒక్కరోజులో అతకలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది మరో పాతికేళ్ల పైన బయటే ఉండిపోయారు. ఆ నంద్యాలకే 2013లో పుష్పలలితగారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈసారి మైకు మగపిల్లల చేతుల్లో, గరిటె ఆడపిల్లల చేతుల్లో ఉండటం నేను చూడకూడదు. వారం మార్చి వారం మార్చుకోండి.

ఇంకో మాట, ఇది కొందరికి రుచించదు. సాయంత్రం బడికి వచ్చేవాళ్లలో మన సంఘం పిల్లలు కొందరే. చదువు చెప్తామని పిలిచాక చదువే చెప్పాలి. బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి వాక్యం అప్పజెప్పించుకోవద్దు. 1930లలో గాంధీగారికీ అజరయ్యగారికీ మతమార్పిడుల మీద గట్టి వాదం నడిచింది. ఆ వాదంలో నేను అజరయ్యగారి పక్షం, తమ పల్లెవాళ్లు ఆలోచించే నమ్మారని ఆయనకి తెలుసు. కానీ ఏడేళ్ల పిల్లకి బిస్కెట్ ఇచ్చి సంపాదించేది ఆలోచన కాదు. వీబీఎస్‌కి ఇష్టమున్న తల్లిదండ్రులు ఎలాగూ పంపుతారు. తల్లిని అడక్కుండా ఎవరి పిల్లనీ తీసుకురావద్దు.

ఇక చలివేంద్రం సంగతి. భీమిలి రోడ్డు మీద ఏటా పందిరి వేస్తాం, రిబ్బను కత్తిరిస్తాం, నాలుగో రోజుకి కుండ ఎండిపోతుంది. మన దగ్గర రెంటచింతలలాగా నలభై అయిదు డిగ్రీలు కొట్టదు కనక ఫరవాలేదనుకుంటారు. ఇక్కడి చేటు ఉక్కపోతలో ఉంది. గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఐటీ హిల్స్ మీద సెక్యూరిటీ వాళ్లు, కట్టుబడి కూలీలు, ఆటోవాళ్లు పన్నెండు నుంచి నాలుగు దాకా నీళ్లకి చూస్తారు. ఆ నాలుగు గంటలు ఒక మనిషి కూర్చోవాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలు, రంగు నీళ్లు వద్దు. కుండ రోజూ కడగాలి, ముంచే గరిటె వేరే ఉండాలి. బ్యానరు లేకపోయినా దాహం తీరుతుంది.

పని అయ్యాక బీచికి పోతారు, తెలుసు. 2020లో రుషికొండకి బ్లూ ఫ్లాగ్ వచ్చింది. ఆ జెండా ఒడ్డు శుభ్రాన్నీ సదుపాయాలనూ చూసి ఇచ్చింది, అలలకి అది తెలియదు. ఇక్కడ అటూ ఇటూ కెరటాలు విరుగుతుంటే మధ్యలో నీరు నెమ్మదిగా కనబడేచోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకండి, ఒడ్డు వెంట పక్కకి ఈది బయటపడి అప్పుడు రండి. లైఫ్ గార్డు ఈల వేస్తే వాదించకండి. పల్లె పిల్లల్ని మీ బాధ్యత మీద నీళ్లలోకి దింపనే వద్దు, వాళ్లు మీకంటే బాగా ఈదినా సరే.

ఒక్కొక్కరూ వారానికి రెండు సాయంత్రాలు ఇస్తే చాలు. ఈఏపీసెట్ ఉన్నవాళ్లు, ఉద్యోగంలో చేరేవాళ్లు ఇప్పుడే పేరు కొట్టేయండి, నేనేమీ అనుకోను. పేరు ఉంచి రాకపోతే మాత్రం మీ అమ్మకి ఫోన్ చేస్తాను. హాలు తాళం నా దగ్గరుంది. పలకలు బీరువాలో ఉన్నాయి, సుద్దముక్కలు లేవు. మజ్జిగకి పెరుగు రోజుకొక ఇంటి నుంచి రావాలి, ఎవరిది ఏ రోజో రాసుకోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో కూర్చుంటాను, పెన్ను తెచ్చుకోండి.

మీ
టీచరమ్మ