గ్యారేజీ కబుర్లు: గరగరలాడే ట్రిగ్గర్

కిందటి సంచికలో డిష్‌వాషర్ పంపు గురించి రాస్తే, ప్లంబర్ ఖర్చు తప్పిందని ముగ్గురు పాఠకులు ఉత్తరాలు రాశారు. సంతోషం. ఈసారి వస్తువు పేరు వినగానే కొందరు పేజీ తిప్పేస్తారేమోనని భయం. పాత పిస్టల్! తిప్పకండి. ఇంట్లో తుపాకీ లేనివారికి కూడా ఇందులో పనికొచ్చే ముక్కలున్నాయి. ముఖ్యంగా చివర్లో వచ్చే వీసా సంగతి, ఇండియా ప్రయాణం సంగతి.

ఇదివరకు మన పాట్‌లక్ డిన్నర్లలో ఇళ్ల ధరలు, స్కూలు డిస్ట్రిక్టులు, ఇమిగ్రేషన్ తప్ప మరో మాట వినిపించేది కాదు. ఇప్పుడు మేముండే టెక్సాస్‌లో "మీరు ఏ రేంజికి వెళ్తున్నారు?" అన్న ప్రశ్న కూడా సాంబారు వడ్డించేచోటే వినిపిస్తోంది. అది మంచో చెడో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కొన్నవాడికి ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసి తీరాలన్నది మాత్రం నా పట్టుదల.

మా బావగారు రిటైరయ్యాక ఓ తాకట్టు కొట్లో పాత 1911 పిస్టల్ కొన్నారు. కంపెనీ పేరెందుకు లెండి, తప్పు కంపెనీది కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ డిజైన్‌ను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. 1985లో బెరెట్టా వచ్చేదాకా సైన్యానికి అదే అధికారిక పిస్టల్. అంత పాత డిజైన్‌ను ఇప్పటికీ డజన్లకొద్దీ కంపెనీలు తయారు చేస్తున్నాయంటే అందులో ఏదో విషయం ఉన్నట్టే కదా! దాని ట్రిగ్గర్ పైకీ కిందకీ ఊగదు, తిన్నగా వెనక్కి జరుగుతుంది. చక్కగా ఉన్న 1911 ట్రిగ్గర్ గాజుకడ్డీ విరిగినట్టు టక్కున తెగుతుందని షూటర్లు చెప్పుకుంటారు.

బావగారిది అలా లేదు. "ఏమోయ్, ఇది నొక్కుతుంటే ఇసకలో కుర్చీ ఈడ్చినట్టుంది. స్ప్రింగ్ రెండు చుట్లు కత్తిరిస్తే సరిపోతుందని రేంజిలో ఎవరో అన్నారు. చూసి పెడతావా?" అని ఫోను చేశారు. వెనకనుంచి అక్క గొంతు: "ఒరేయ్, శనివారం పిల్లలు మనవల్ని తీసుకొస్తున్నారు. ఆ తుపాకీ సంగతి తేల్చి, తాళం వేసి మరీ వెళ్లు."

స్ప్రింగ్ కత్తిరించే సలహా మన ఊళ్లో జ్వరానికి ఏ మాత్రైనా వేసేయడం లాంటిది. హ్యామర్‌ను ముందుకు తోసే పెద్ద స్ప్రింగ్ బలహీనపడితే తూటా వెనకనున్న ప్రైమర్ మీద దెబ్బ చాలదు. ట్రిగ్గర్ కాస్త తేలికవుతుంది, గుండు మాత్రం పేలకపోవచ్చు. పైగా బావగారి ఫిర్యాదు బరువు గురించి కాదు, గరుకు గురించి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. నా ఉద్యోగంలో కూడా ఇంతే. "సిస్టం స్లోగా ఉంది" అని క్లయింట్ అంటే వెంటనే కొత్త సర్వర్ కొనమనం. ఎక్కడ నిదానిస్తోందో ముందు కొలుస్తాం.

ముందు భద్రత. పిస్టల్‌లోంచి మ్యాగజైన్ తీశాను. మ్యాగజైన్ అంటే మీ చేతిలో ఉన్నది కాదండోయ్, తూటాలు పెట్టే డబ్బా! తర్వాత స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడిమాను. బావగారి చేత కూడా తడిమించాను. తూటాలన్నీ వేరే గదిలోకి పోయాయి. బల్ల మీద మిగిలినవి మందు లేని డమ్మీ తూటాలే. ఈ నాలుగు పనులూ చేయనిదే తర్వాతి పేరా చదవకండి.

ట్రిగ్గర్ గరుకు తర్వాత, అసలు ఈ పిస్టల్ నమ్మదగిందేనా అన్నది ముందు. పాతది కొన్నప్పుడు ఇదే మొదటి ప్రశ్న. పరీక్షలు నాలుగు. ఒకటి, హ్యామర్ ఎత్తి, బొటనవేలి సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలాలి. తర్వాత సేఫ్టీ తీసినా హ్యామర్ కదలకూడదు. రెండు, పిడి వెనకనున్న గ్రిప్ సేఫ్టీని అదమకుండా నొక్కితే ట్రిగ్గర్ పనిచేయకూడదు. మూడు, స్లైడ్‌ను పావు అంగుళం వెనక్కి పట్టుకుని నొక్కితే హ్యామర్ పడకూడదు. నాలుగు, మ్యాగజైన్‌లో డమ్మీలు నింపి, స్లైడ్ లాగి వదులుతూ ఒక్కొక్కటే లోపలికి ఎక్కించాలి. ప్రతిసారీ హ్యామర్ ఎత్తిన చోటే నిలబడాలి.

మొదటి మూడూ పాసయ్యాయి. నాలుగోది ఇరవైసార్లు చేస్తే రెండుసార్లు హ్యామర్ స్లైడ్ వెంట జారి సగంలో ఆగింది. ఆ సగంలో ఆపే గాడి ఉంది కాబట్టి ఆగింది. ఒకనాడు ఆ గాడి కూడా అరిగితే? తూటా లోపలికి వెళ్లగానే, వేలు ట్రిగ్గర్ మీద లేకపోయినా పేలవచ్చు. లేదా ఒకసారి నొక్కితే రెండు పేలవచ్చు. ఒక్క నొక్కుకు ఒకటికన్నా ఎక్కువ గుళ్లు పేల్చేదాన్ని 1934 నాటి ఫెడరల్ చట్టం మెషిన్ గన్ అంటుంది. అంటే ప్రాణానికీ ప్రమాదమే, చట్టంతోనూ తంటాయే.

"ఆదివారం రేంజి బుక్ చేశానోయ్!" అన్నారు బావగారు.

"రేంజి ఎక్కడికీ పోదు బావగారూ. ఇది బాగయ్యేదాకా ఇందులో తూటా పెట్టొద్దు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది కానీ, అక్క మొహం మాత్రం విచ్చుకుంది.

ఇక రోగ నిర్ధారణ. ట్రిగ్గర్ బరువు కొలిచే గేజ్ తగిలించి పదిసార్లు లాగాను. సగటు నాలుగున్నర పౌండ్లు. వినడానికి బాగానే ఉంది. సగటు చూసి మోసపోకూడదని ఐటీ వాళ్లకు చెప్పక్కర్లేదు కదా! తక్కువలో తక్కువ మూడుంపావు, ఎక్కువలో ఎక్కువ ఆరు. ఒకే ట్రిగ్గర్‌లో ఇంత తేడా ఉందంటే లోపల ఒకటికన్నా ఎక్కువ సమస్యలున్నాయని అనుమానం.

వాటిని విడదీయడానికి రెండు చిన్న కిటుకులు. మొదటిది, ఖాళీ మ్యాగజైన్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి నొక్కి చూడాలి. 1911 ట్రిగ్గర్‌కు వెనక సన్నటి ఇనప చట్రం ఉంటుంది, దాన్ని బో అంటారు. అది మ్యాగజైన్‌కు రెండు పక్కలా చుట్టుకుని వెనక్కి పోతుంది. బో లోపలికి వంగితే మ్యాగజైన్‌ను రాసుకుంటుంది. బావగారి పిస్టల్‌లో మ్యాగజైన్ పెట్టగానే గరగర పెరిగింది. దొరికాడు మొదటి దొంగ!

రెండో కిటుకు, హ్యామర్ కిందకి దించి ఉన్నప్పుడు నొక్కాలి, ఎత్తి ఉన్నప్పుడు నొక్కాలి. దించి ఉన్నప్పుడు హ్యామర్ కొక్కేల మీద భారం ఉండదు. అప్పుడు కూడా గరుకు తగిలితే అది బో దగ్గరో, అది జరిగే గాడిలోనో ఉన్నట్టు. ఎత్తి ఉన్నప్పుడే తగిలితే హ్యామర్ కొక్కేలకూ, వాటిని పట్టి ఆపే సియర్ అనే చిన్న ముక్కకూ మధ్య ఉన్నట్టు. మాకు రెండుచోట్లా తగిలింది. ఒక హెచ్చరిక: స్లైడ్ విప్పేసి హ్యామర్‌ను ముందుకు వదలకండి. ఆపే స్లైడ్ లేక అది ఫ్రేమ్‌కు కొట్టుకుని దెబ్బతింటుంది.

విప్పాం. ట్రిగ్గర్ గాడి నిండా పాత నూనె గట్టిపడి, వాడేసిన అప్పడాల బాణలి అడుగులా ఉంది. దాంట్లో ఇత్తడి పొడి, కాలని మందు పలుకులు. సాల్వెంట్, పాత టూత్‌బ్రష్, దూదిపుల్లలు, గంటసేపు ఓపిక. తుపాకీ మురికిలో సీసం ఉంటుంది కాబట్టి గ్లవ్స్ వేసుకుని గ్యారేజీలోనే చేయాలి, వంటింటి బల్ల మీద కాదు. బోను నెమ్మదిగా నిటారు చేసి, ఒక చుక్క నూనె రాశాను. ఒక్క చుక్కే సుమండీ! ఎక్కువ రాస్తే మళ్లీ దుమ్ము పట్టేది అక్కడే.

ఇంతవరకు ఓపికున్న ఎవరైనా చేయగలిగిన పని. తర్వాత సియర్‌ను భూతద్దం కింద పెట్టాను. దాని ముక్కు మీద ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా మెరుస్తున్నాయి. సియర్‌ను నొక్కిపట్టే మూడు ఆకుల స్ప్రింగ్‌లో ఎడమ ఆకును కూడా ఎవరో వెనక్కి వంచేశారు. మూడు ఆకులకూ మూడు ఉద్యోగాలు. ఎడమది సియర్‌ను తోస్తుంది, నడిమిది డిస్కనెక్టర్‌నూ ట్రిగ్గర్‌నూ తోస్తుంది, కుడిది గ్రిప్ సేఫ్టీని తోస్తుంది. ఎడమ ఆకు నీరసపడితే ట్రిగ్గర్ తేలికవుతుంది, హ్యామర్ జారుతుంది. ఇంతకుముందు యజమాని ట్రిగ్గర్‌ను మెరుగుపరచబోయాడన్నమాట. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. ఆ కోతిని తాకట్టు కొట్టుకు అప్పగించి చక్కాపోయాడు!

ఇక్కడ నేను ఆగాను. కొక్కెం ఎత్తు అంగుళంలో ఇరవై వెయ్యో వంతుల దగ్గర, అంటే అర మిల్లీమీటరు. పట్టు అంతా ఆ అంచు మీదే. దాని కోణం చేత్తో సరిచూసేది కాదు, జిగ్‌లో పెట్టి చేసేది. పైపొర మాత్రమే గట్టిపరచిన ముక్క అయితే, రాయి పెట్టి రుద్దితే ఆ పొర పోతుంది. మొదటిరోజు వెన్నలా ఉంటుంది, కొన్ని వందల గుళ్ల తర్వాత మళ్లీ జారుతుంది. యూట్యూబ్ చూసి సియర్ రుద్దేవాళ్లను చూస్తే నాకు శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో కోడ్ మార్చేవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల తప్పు దొరికేది అర్ధరాత్రి, ఇంకొకరికి.

పిస్టల్‌ను మా ఊరి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాం. తెల్ల గడ్డం, మందపాటి కళ్లద్దాలు, తక్కువ మాటలు. సియర్ చూడగానే తల అడ్డంగా ఊపాడు. పాత సియర్, హ్యామర్, స్ప్రింగ్ మూడూ మార్చి, కొత్తవాటిని దానికి అమర్చాడు. కొత్తవి పెట్టేసి స్క్రూలు బిగిస్తే అయిపోదు, ఒకదానికొకటి కుదర్చాలి. ఆయన తీసుకున్న డబ్బులు అందుకే. కొన్న ధరలో ఆదా అనుకున్నదంతా అక్కడ కరిగిపోయిందని బావగారు రెండురోజులు గొణిగారు. అక్క మాత్రం మారుమాట్లాడకుండా చెక్కు రాసింది.

ఇప్పుడు గేజ్ తగిలిస్తే సగటు నాలుగుముప్పావు పౌండ్లు. పదిసార్లు లాగినా తేడా పావు పౌండు లోపే. గమనించారా, సగటు పెరిగింది! బావగారేమో "సగానికి సగం తేలికైందోయ్!" అంటారు. నునుపుగా, ఎప్పుడూ ఒకేలా తెగే ట్రిగ్గర్ వేలికి తేలికగా అనిపిస్తుంది. గరుకు పోగొట్టడానికి బరువు తగ్గించక్కర్లేదు. నాలుగు పరీక్షలూ మళ్లీ చేశాం, డమ్మీలతో యాభైసార్లు. రేంజిలో మొదట ఒక్క తూటా, తర్వాత రెండే రెండు. రెండోది తనంతట తాను పేలలేదని రూఢి అయ్యాకే మ్యాగజైన్ నింపాం.

ఇక మొదట్లో చెప్పిన సంగతులు. హెచ్ వన్ బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకునే హక్కు లేదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. స్నేహితుడు రేంజికి పిలిచాడని వెళ్లేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి. సరదాకు వెళ్లి గ్రీన్ కార్డును పణంగా పెట్టకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. కొట్లో 4473 ఫారం నింపాలి, అందులో తెలిసి అబద్ధం రాస్తే నేరం.

టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తుపాకీని పేల్చడానికి సిద్ధంగా వదిలేయడం నేరం. చట్టం లేకపోయినా మనవల కోసం తాళం వేయాలి కదా!

చివరిది అన్నిటికన్నా చిన్నది, కానీ కొంప ముంచేది. రేంజికి తీసుకెళ్లే సంచీని ఇండియా ప్రయాణానికి వాడకండి. సంచీ మూల ఒక్క తూటా మిగిలినా అక్కడి ఎయిర్‌పోర్టులో 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక తెచ్చానని చెప్పుకోవడానికి కోర్టు మెట్లెక్కాలి, సెలవులన్నీ వాటి చుట్టూ తిరగడానికే సరిపోతాయి. పెళ్లికని బయల్దేరినవాళ్లు లాయరు గుమ్మంలో కూర్చోవాల్సిన ఖర్మ ఎందుకు? రేంజి సంచీ గ్యారేజీ దాటకూడదని మా ఇంట్లో నియమం పెట్టాను.

వచ్చే సంచికలో తడి గ్రైండర్ బెల్టు. ఉగాదికల్లా గారెల పిండి నలగాలి కదా మరి!