గుర్తు ఎవరి సొత్తు?

రాష్ట్రమునందలి చిన్న రాజకీయపక్షములలో లెక్కకు వచ్చునది యేది, రానిది యేది? ఈ నిర్ణయము పాలకుల దయాదాక్షిణ్యములకు విడువదగినది కాదు. అందులకే 1968వ సంవత్సరపు ఎన్నికల గుర్తుల ఉత్తరువు కొలబద్దను ముందుగనే నిలిపినది. శాసనసభ యెన్నికలలో చెల్లిన వోట్లలో నూటికి 6 వంతులును, రెండు స్థానములును గడించినది రాష్ట్రపక్షము. స్థానములు లేకున్నను నూటికి 8 వోట్లున్న చాలునని 2011లో చేర్చిరి. మఱికొన్ని మార్గములును గలవు. కొలబద్ద యుండుట మేలే. కాని యది పక్షము బలమును కొలుచుచున్నదే గాని వోటరు కష్టమును చూచుట లేదు.

అర్ధవీడు చేరియున్న గిద్దలూరు నియోజకవర్గమువారు 2009లో కొత్తపక్షమైన ప్రజారాజ్యము అభ్యర్థిని గెలిపించిరి. అక్షరము రాని వృద్ధురాలికి నాడు పక్షము పేరును, ప్రణాళికయు, ఉపన్యాసములును సర్వము రైలింజను బొమ్మయే. మన పల్లెలలో గుర్తు పక్షమునకు గురుతు మాత్రమే కాదు, గుర్తే పక్షము.

ఇక జనసేన సంగతి చూడుడు. 2019లో ఒక్క రాజోలు మాత్రమే గెలిచి, నూటికి 6 వోట్లకు చేరువలో నాగిపోయెను. గుర్తింపు రాలేదు. 2024లో పొత్తు ధర్మమున 21 స్థానములకే పోటీచేసెను. తక్కిన చోట్ల కొన్నింట గాజుగ్లాసు స్వతంత్రుల పాలయ్యెను. మిత్రపక్షమునకు వేయదలచినవాడు అలవాటైన గ్లాసు మీట నొక్కినచో తప్పెవరిది? హైకోర్టు మెట్లెక్కవలసివచ్చెను. ఆ పక్షము 21కి 21 గెలిచిన పిమ్మట, 2025 జనవరిలో గుర్తింపు లభించెను. అవసరము తీరిన తరువాత గొడుగు చేతికి వచ్చినది!

ప్రతి చిన్నపక్షమునకును గుర్తు కట్టబెట్టిన అంతమెక్కడ యని కొందఱందురు. న్యాయమైన శంకయే. పేరునకు మాత్రమున్న పక్షములు అనేకము. 2019 నుండి ఒక్క యెన్నికలోను నిలువని 334 పక్షములను 2025 ఆగస్టులో ఎన్నికల సంఘమే జాబితానుండి తొలగించెను. అందుచే మేము కోరునది నడిమి మెట్టు. గత శాసనసభ యెన్నికలలో ఒక్క స్థానమును, నూటికి 3 వోట్లును పొందిన పక్షము గుర్తును, మఱుసటి యెన్నికలలో రాష్ట్రమంతట మఱెవ్వరికిని ఇయ్యరాదు. గుర్తింపు గౌరవము తరువాతి మాట.

గుర్తును పక్షములకిచ్చు బహుమానమని తలంచినంతకాలము ఈ చిక్కు తీరదు. అది చదువురాని వోటరు చేతి దీపము. ఆ దీపమును ఒకనిచేతినుండి తీసి మఱియొకని కిచ్చుటకు ముందు, చీకటిలో మిగులువాని నడుగవలదా?