మజిలీయు గమ్యమును

మానవుడు తానున్న లోకముతోనే తృప్తి చెందువాడు కాడు. కనబడుచున్న కొండకు ఆవల ఏమున్నదో తెలిసికొనవలెనను కోరిక అతనికి పుట్టుకతో వచ్చినది. కాలు పోలేని చోటికి మనస్సును పంపుటకై అతడు కథలు కల్పించుకొనెను. తెలుగువారికి ఈ కోరికను తనివితీర తీర్చిన గ్రంథములలో మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు ముఖ్యమైనవి. పండ్రెండు భాగములుగా పెరిగిన ఆ గ్రంథమున రాజకుమారులు, మాంత్రికులు, ఘోరారణ్యములు, అద్భుత నగరములు అడుగడుగున కానవచ్చును. ఒక కథనుండి మరియొక కథ, దానినుండి ఇంకొకటి పుట్టుచుండును. 1951లో విడుదలయై ఆబాలగోపాలమును అలరించిన పాతాళభైరవి చిత్రకథకు కూడ కాశీమజిలీ కథలు కొంత మూలము.

నేటి బాలబాలికలకు ఈ కోరికను తీర్చు క్రొత్త సాధనమొకటి వచ్చినది. అది వీడియో ఆట. వీడియో ఆటలలో ‘ఓపెన్ వరల్డ్’ అని పేరొందినవి మిక్కిలి విశాలమైనవి. తక్కిన ఆటలలో ఆడువాడు ముందుగా నిర్ణయించిన దారినే పోవలెను. వీనిలో అట్టి నిర్బంధము లేదు. తెరమీద ఒక దేశమే పరచుకొనియుండును. దానిలో కొండలు, నదులు, పల్లెలు, కోటలు, పాడుపడిన దేవళములు ఉండును. ఆడువాడు ఒక వీరుని రూపము ధరించి, ఇష్టము వచ్చిన దిక్కునకు నడువవచ్చును. దూరమున కనబడు శిఖరమును ఎక్కదలచినచో ఎక్కవచ్చును. త్రోవలో ఎదురైన ముదుసలి మొర ఆలకింపవచ్చును, ఆలకింపక సాగిపోవచ్చును. 2011లో అమెరికాలో వెలువడిన స్కైరిమ్, 2015లో పోలెండు దేశమున తయారైన విచర్ 3, 2017లో జపానునుండి వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, 2020లో చైనావారు సెల్‌ఫోనులకు కూడ అందించిన గెన్‌షిన్ ఇంపాక్ట్ ఈ జాతి ఆటలలో ప్రసిద్ధములు. వీనిలో ఒక్కొక్క లోకమును మూలమూలలా చూడదలచినవానికి నూరు గంటలైనను చాలవు.

సెల్‌ఫోను చేరిన ప్రతి యింటికిని ఈ ఆటలు చేరగలవు. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు ఇందుకు మినహాయింపు కావు. ఇది వాననే నమ్ముకొన్న మెట్టసీమ. వేసవి మిట్టమధ్యాహ్నమున వీధిలో అడుగు పెట్టుటయే కష్టము. అట్టి వేళ మంచుకొండలు, పచ్చికబయళ్లు గల దేశమొకటి అరచేతిలో తెరచుకొనినచో, పిల్లవాడు అందు లీనమగుటలో వింత యేమున్నది? అతనిని ఆకర్షించునది అందము మాత్రమే కాదు. ఆ లోకమున న్యాయమున్నట్లు తోచును. అచట పడిన పాటుకు ఫలము తప్పక దక్కును. తండ్రి పొలమున విత్తిన కందికి వాన దయ కావలెను. కోసిన మిరపకు అంగడిలో ధర పలుకవలెను. ఆటలోనైతే శత్రువును జయించిన మరుక్షణమే బహుమానము చేతికి వచ్చును. ఓడినను నష్టము లేదు. మరల మొదలు పెట్టవచ్చును. కష్టమునకు ఫలము నిశ్చయముగ దొరకు చోటిని పిల్లలు ప్రేమించుట సహజము.

పెద్దలు దీనిని చూచి, ఆటలు పిల్లలను చెరచుచున్నవని కోపింతురు. ఆ మాటలో సగము మాత్రమే సత్యము. పూర్వము నవలలు చదువువారిని, రాత్రంతయు వీధినాటకములు చూచువారిని, సినిమాలకు పోవువారిని కూడ లోకము ఇట్లే నిందించినది. తన్మయత్వము స్వతహాగా దోషము కాదు. తన్మయత్వము తెలియనివాడు ఏ విద్యయందును రాణింపడు. రాగమున మునుగని గాయకుడు లేడు. లెక్కలో మునిగి ఆకలి మరువని గణితజ్ఞుడు అరుదు. మంచి ఆట కొన్ని గుణములను నేర్పును కూడ. పటమును చూచి దారి తెలిసికొనుట, పదిసార్లు ఓడియు పదునొకండవసారి ప్రయత్నించుట ఇందువలన అలవడును. విచర్ 3 వంటి ఆటలో ఒకనాడు తొందరపడి చేసిన నిర్ణయము చాలకాలమునకు పిమ్మట ఎవరికో కీడుగా పరిణమించును. మంచిచెడ్డలు విచారించి నడువవలెనను పాఠము అందులో కలదు.

ఐనచో ఆటను ఎట్లు తూచవలెను? దీనికి తూనిక కాశీమజిలీ కథలలోనే దొరకును. మణిసిద్ధుడను యతి కాశికి పోదలచి, గోపుడను పసులకాపరిని తోడుగా తీసికొనును. ఆ బాలుడు ఒక నియమము పెట్టును. ప్రతి మజిలీలోను తాను చూచిన వింతను గూర్చి అడిగినప్పుడు ఆ వృత్తాంతమును చెప్పవలెను. గురువు ఒప్పుకొనును. మజిలీ చేరగానే గోపుడు ఊరు చూచుటకు పోవును. అచట ఏదో వింత అతని కంటబడును. తిరిగివచ్చి ప్రశ్నించును. అటుపిమ్మట కథ మొదలగును. కథ ముగియగానే ఇరువురును మరల ప్రయాణము సాగింతురు. ఈ యేర్పాటులో గొప్ప వివేకము కలదు. ముందు కన్నులు చూచినవి, పిమ్మట కథ పుట్టినది. కథ నడకకు బలమిచ్చినదే గాని నడకను మాన్పలేదు. మజిలీ ఎంత హాయిగా నున్నను అది మజిలీయే, గమ్యము కాశి. ఆటను తూచు తూనిక ఇదియే. అది ఆడువానిని మరల దారిన పెట్టుచున్నదా, దారి మరపించి తనయొద్దనే నిలుపుకొనుచున్నదా?

ఆటలన్నియు ఈ విషయమున సమానములు కావు. కొన్నిటికి కథ కలదు, ముగింపు కలదు. పుస్తకము చదివి మూసినట్లు వానిని ముగింపవచ్చును. మరికొన్నిటికి ముగింపే లేదు. అవి మొదట ధర అడుగవు. కాని దినదినమును హాజరు కమ్మని పిలుచును. ఈనాడు రానివానికి ఈనాటి కానుక దక్కదని తొందర పెట్టును. లోపల ఏమున్నదో తెలియని పెట్టెలను అదృష్టము మీద ఆశ కల్పించి డబ్బునకు అమ్మును. గెన్‌షిన్ ఇంపాక్ట్ ఆటను అమెరికాలో నడుపు సంస్థపై అచటి ప్రభుత్వ వాణిజ్య సంఘము ఇట్టి అమ్మకములను గూర్చియే అభియోగము మోపెను. 2025 జనవరిలో ఆ సంస్థ రెండుకోట్ల డాలర్లు చెల్లించుటకును, పదునారేండ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఆ పెట్టెలను అమ్మకుండుటకును అంగీకరించెను. ఇట్టి ఆటలో పిల్లవాడు లీనమగుట వేరు, అతనిని పట్టి యుంచుట వేరు. రెండవదానికి పూటకూళ్లయిల్లే బాటసారిని బంధించుటతో పోలిక చెప్పవచ్చును.

ఈ బంధము ముదిరినచో వ్యాధియగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల పట్టికలో దీనికి చోటిచ్చినది. ఆ పట్టిక 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఎన్నడు మొదలుపెట్టవలెనో, ఎన్నడు ఆపవలెనో తన వశమున లేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నదని తెలిసియు మానలేకపోవుట దీని లక్షణములని ఆ సంస్థ చెప్పినది. ఈ స్థితి సాధారణముగ పండ్రెండు నెలలు కొనసాగినప్పుడే దానిని వ్యాధిగా నిర్ణయింతురు. కావున సెలవులలో నాలుగు దినములు ఆటలో మునిగిన పిల్లవానిని రోగియని పిలుచుట తప్పు. నిద్రను, బడిని, చెలికాండ్రను విడిచినవానిని చూచి ఊరకుండుటయు తప్పే.

ఆటలోని శ్రమకును, వెలుపలి శ్రమకును గల భేదమును ఈ సీమలోని పిల్లలు ఇతరులకంటె బాగుగ గ్రహింపగలరు. వెలిగొండ ప్రాజెక్టు కథ వారి యింటి కథ. శ్రీశైల జలాశయమునుండి కృష్ణ నీటిని నల్లమల కొండల క్రిందుగా ఈ మెట్టభూములకు తెచ్చుట దాని ఉద్దేశము. ప్రజానాయకుడగు పూల సుబ్బయ్య పేర దానిని పిలుచుచున్నారు. 1996లో దానికి శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగముల త్రవ్వకము ముగియుటకే 2024వ సంవత్సరము రావలసివచ్చెను. తెరమీది వీరుడు కొండను క్షణములో చీల్చును. ఆ నీటితో ఒక్క గొంతుకయైనను తడవదు. వెలుపలి కొండ ఏండ్ల తరబడి కరగక నిలుచును. కాని అది చీలినప్పుడు దప్పిక తీరునది వేలాది కుటుంబములకు. ఆటలో ఓర్పు నేర్చినవాడు ఆ ఓర్పును ఎన్నటికైనను ఇట్టి పనికి తేవలెను. తేనిచో నేర్చినది నేర్చినచోటనే ఉండిపోవును.

ఈ ఆటలను సృష్టించినవారి చరిత్రయు ఇదే మాట చెప్పుచున్నది. 1986లో మొదటి జెల్డా ఆటను రూపొందించిన జపాను దేశీయుడు షిగెరు మియమోతో బాల్యమున క్యోటో నగర సమీపమునందలి సోనొబె అను ఊరి పరిసరములలో కొండలు, అడవులు తిరిగెను. ఒకనాడు గుహయొకటి కంటబడగా, లాంతరు తీసికొనివచ్చి లోపల ప్రవేశించెను. ఆనాటి భయమును, సంతోషమును ఇతరులకు పంచవలెనను కోరికనుండి ఆ ఆట పుట్టినది. పోలెండువారి విచర్ ఆటకు ఆ దేశపు రచయిత సప్కోవ్‌స్కీ నవలలును, ఆ ప్రాంతపు జానపద గాథలును ఆధారము. అనగా, ఊరిని చూచినవారే లోకమును కల్పింపగలిగిరి. తెరను మాత్రమే చూచినవాడు మరియొకరు కల్పించిన లోకమున అతిథిగా తిరుగునే గాని తనదని చెప్పుకొనదగిన లోకమును కల్పింపలేడు.

మార్కాపురము, గిద్దలూరు సీమకు చూడదగిన వింతలు కొరవడలేదు. కంభము చెరువున్నది. కొండల నడుమ గుండ్లకమ్మ సాగు ఇరుకున అడ్డుకట్ట వేసి దానిని నిర్మించిరి. శ్రీకృష్ణదేవరాయల రాణియు గజపతి కుమార్తెయునగు వరదరాజమ్మ దానిని కట్టించెనని అనుశ్రుతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని వారసత్వ కట్టడముగ గుర్తించినది. చంద్రశేఖరపురము సమీపమున భైరవకోనలో కొండను తొలిచి చేసిన గుహాలయములు ఎనిమిది కలవు. శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరుగాంచిన త్రిపురాంతకము కలదు. దిగువమెట్ట మీదుగ నంద్యాలకు పోవు రైలుబండి నల్లమల సొరంగములలో దూరి పోవును. కొండచరియలనుండి తేనె తీయు చెంచులకు అడవిలో ప్రతి చెట్టును పరిచితమే. గోపుని వంటి బాలుడొకడు ఇచట తిరిగినచో ఒక్కొక్క చోట ఎన్ని ప్రశ్నలు అడుగడు!

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు, అది న్యాయమైనదే. తెరమీద ఎచటికైనను పోవచ్చును. వెలుపల అట్లు పోవుటకు వీలులేదు. నల్లమల పులులకు నెలవు. అనుమతి లేక అందు ప్రవేశింపరాదు. బస్సునకు డబ్బు కావలెను, తోడు కావలెను. బాలికల స్థితి మరింత కఠినము. ఆటలో ఆమె కత్తి ధరించి అర్ధరాత్రి కొండయెక్కును. ఊరిలో చీకటిపడకముందే ఇల్లు చేరవలెను. ఆమె ఆటను విడువలేకపోవుటకు కారణము ఆటయొక్క ఆకర్షణ మాత్రమేనా, వెలుపల మూసిన తలుపులు కూడనా? చేతిలోని ఫోనును లాగుకొనుట సులభము. మూసిన తలుపును తెరచుట కష్టము. పెద్దలు చేయవలసినది ఆ రెండవ పని. ఉపాధ్యాయులు ఏడాదికొకసారియైనను పిల్లలను కంభము చెరువుగట్టునకో, భైరవకోనకో తీసికొనిపోవుట, ఊరిలో ఆటస్థలమును, గ్రంథాలయమును నిలుపుట, బాలికలకు నిర్భయముగ తిరుగు వేళలను పెంచుట వారి ధర్మము. వెలుపలి లోకమును ఇరుకు చేసి, లోపలి లోకమునకు పారిపోయినందుకు పిల్లలను దండించుట న్యాయము కాదు.

పిల్లల ధర్మమును కలదు. మార్కాపురము పలకల ఊరు. అచటి రాతి పలకలు తెలుగుదేశమందలి ఎన్నో బడులలో లక్షలాది పిల్లలచేత అక్షరములు దిద్దించినవి. సెల్‌ఫోను తెరయు చూచుటకు నల్లని పలకవంటిదే. కాని రాతిపలక ఖాళీగా వచ్చును. వ్రాయువాడు వ్రాసిననే అందు ఏమైనను కనబడును. తెర నిండుగా వచ్చును. చూచువాడు ఏమియు వ్రాయకున్నను నడచుచుండును. ఆ నిండు తెరను చూచి ఆనందించుట తప్పు కాదు. చూచిన పిమ్మట తన పలకమీద తాను ఏమి వ్రాసెనని విద్యార్థి ప్రతిదినము తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆటలో చూచిన కోటను బొమ్మ గీసినను, అందలి కథను చెల్లెలికి చెప్పినను, తన ఊరి కొండకు అట్టి కథ అల్లినను, ఆట అతనికి మేలు చేసినట్లే. అట్టివానికి ఆట మజిలీ. అలసట తీరిన బాటసారి తెల్లవారగనే మూట సవరించుకొని బయలుదేరినట్లు, అతడు ఆటను విడిచి తన దారిన సాగిపోగలడు.