బూర్లమూకుట్లో మిగిలిన నూనె

పండగ వెళ్లిన మర్నాడు చాలా వంటిళ్లలో కనబడే దృశ్యమే ఇది. గారెలూ బూరెలూ అయిపోతాయి. మూకుట్లో మాత్రం రంగు తిరిగిన నూనె గిన్నెడు మిగులుతుంది. పారబోయడానికి చేతులు రావు. ‘ఇంత ఖరీదు పెట్టి కొన్నాం, వడకట్టి ఉంచితే రేపు అప్పడాలకు పనికొస్తుందిలే’ అనుకుని మూత పెట్టేస్తాం.

ఆ పొదుపును తప్పుపట్టలేం. నూనె నిజంగా విలువైనదే! వేరుసెనగ, నువ్వులు, కొబ్బరి... ఏ నూనెలోనైనా దాదాపు అంతా ఉండేది ట్రైగ్లిజరైడే. ఒక గ్లిజరిన్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటే అది ట్రైగ్లిజరైడు. ఆ మూడూ ఏ రకానివన్న దాన్నిబట్టే కొబ్బరినూనె చలికి పేరుకుంటుంది, నువ్వులనూనె పేరుకోదు.

ఇది చేయని పనంటూ లేదు. తాలింపులో చిటపటలాడేదీ, దేవుడి ముందు దీపమై వెలిగేదీ ఇదే. కాస్టిక్ సోడాతో కలిపితే ఒకపక్క సబ్బు, మరోపక్క గ్లిజరిన్ అవుతుంది. చలికాలం పగిలిన చేతులకు మనం రాసుకునేది ఆ గ్లిజరినే. 1900లో పారిస్ ప్రదర్శనలో వేరుసెనగ నూనెతో ఏకంగా డీజిల్ ఇంజన్నే నడిపి చూపించారు. మన ఒంట్లో కూడా రేపటి అవసరానికి దాచుకునే ఇంధనం ఇదే. నూనె ఒక్కటే కాదు, అన్నమూ మిఠాయీ అవసరానికి మించి తిన్నా ఇలాగే మారి పేరుకుంటుంది. పరగడుపున చేసే రక్తపరీక్షలో 150 దాటకూడదని డాక్టర్లు చెప్పే ట్రైగ్లిజరైడ్లు ఇవే.

ఇన్ని పనులు చేసేది ఒక్కదానికి మాత్రం ఓర్చుకోలేదు. మళ్లీ మళ్లీ మరిగిస్తే విరిగిపోతుంది. నూనె నల్లబడి, జిగురెక్కి, నురుగు కట్టి, ఆరోగ్యానికి చేటు చేసే పదార్థాలు అందులో పోగవుతాయి. వడకడితే పోయేది మాడిన నలుసులే, అవి కావు. అందుకే ఇలాంటి పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018లో దేశమంతటా నిబంధన వచ్చింది. వాడేసిన నూనెను హోటళ్ల నుంచి సేకరించి బయోడీజిల్‌కి మళ్లించే పథకమూ ఆ ఏడాదే మొదలైంది.

మన వంటింటికి తనిఖీ అధికారి రాడు. ఆ పని మనదే. మూకుడు నిండా కాకుండా కావలసినంతే పోసుకుందాం. మిగిలింది వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడేద్దాం గానీ, మళ్లీ వేపుళ్లకు వద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నదీ ఇదే. నల్లబడ్డ నూనెను మాత్రం ఎవరికీ పెట్టొద్దు. ముఖ్యంగా, ‘పిల్లలకొద్దు, నాకేం కాదులే’ అంటూ ఆ పాత నూనె మన కూరలోకి మనమే వంచుకునే అలవాటు మానుకుందాం. పొదుపు చేయాల్సింది నూనెను. మన ఆరోగ్యాన్ని కాదు కదా!